నిద్రలో లేపకూడని మనుషులు - డాక్టర్ కార్డినర్ జీవితం

కంభం, గిద్దలూరు, మార్కాపురం వైపు మిలట్రీ ఇళ్ళు కొత్తేమీ కాదు. వానను నమ్ముకుని సాగే సేద్యం, కాకపోతే పలకల పని. ఇలాంటి ఊళ్ళలో ఇంటరు దాకా చదివిన కుర్రాడికి సైన్యంలో ఉద్యోగం పెద్ద ఆశ. సెలెక్టయ్యాడంటే ఆ ఇంట్లో పండగే. నెల నెలా జీతం, క్యాంటీను సరుకులు, 2022కు ముందు చేరినవాళ్ళకైతే ముందు ముందు పింఛను. పిల్లనిచ్చేవాళ్ళకు కూడా అంతకన్నా ఏం కావాలి?

ఆ ఇళ్ళలో కొన్నిట్లో పిల్లలకు తల్లి నేర్పే సంగతి ఒకటుంటుంది. లీవులో వచ్చిన నాన్న పడుకుని ఉంటే దగ్గరికెళ్ళి తట్టి లేపకూడదు. కాళ్ళవైపు, కాస్త ఎడంగా నిలబడి పిలవాలి. లేపితే ఏమవుతుందో తల్లికి ఒకసారి అనుభవమై ఉంటుంది కాబట్టి నేర్పుతుంది. ఎందుకలా అవుతుందో మాత్రం ఆమెకెవరూ చెప్పి ఉండరు. బార్డరులో అంత కష్టపడి వచ్చినవాడికి ఆ మాత్రం కోపం ఉండదా, రెండు నెలల లీవే కదా, ఓర్చుకో అని మాత్రం అందరూ చెబుతారు. చేయి చేసుకున్నాడని పుట్టింటికి వచ్చినా ఇదే మాట.

ఆ ఉలికిపాటు, నిద్రలేమి, ఉన్నట్టుండి రేగే కోపం మనిషి పుట్టుకతో వచ్చిన గుణం కాదనీ, యుద్ధం చేసిన గాయమనీ పద్ధతిగా రాసిపెట్టినవాళ్ళలో ముఖ్యుడు అమెరికా డాక్టరు అబ్రామ్ కార్డినర్. మానసిక వైద్యం చదివేవాళ్ళలో ఆయన పేరు తెలియనివాళ్ళు అరుదు. మన పేజీలో ఆయన గురించి రాయడానికి ఇంకో కారణం ఉంది. సిపాయిల భయాన్ని అంత బాగా అర్థం చేసుకున్న ఈ మనిషి, భయమంటే ఏమిటో తెలుసుకున్నది యుద్ధభూమిలో కాదు. చిన్నప్పుడు తన ఇంట్లో, తల్లి పక్కన.

అబ్రామ్ 1891 ఆగస్టు 17న న్యూయార్కులో పుట్టాడు. అమ్మానాన్నలు ఉక్రెయిన్ వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వలస వచ్చిన యూదులు. అప్పట్లో న్యూయార్కులో అలాంటివాళ్ళంతా ఉండేది లోయర్ ఈస్ట్ సైడ్ అనే పేటలో. ఇరుకు గదులు, చీకటి మెట్లు, ఒక గదిలోనే వంట, పడక, కుట్టుపని. ఇంట్లో తిండికి కటకట. దానికి తోడు తండ్రి కోపిష్టి. తిట్లు, దెబ్బలు. భార్య మీద చెయ్యి లేవని రోజు మంచిరోజు అన్నట్టుగా ఉండేది కాపురం. ఆ తల్లికి క్షయ. అప్పటికి క్షయకు మందు లేదు.

అబ్రామ్‌కి మూడేళ్ళప్పుడు ఆమె చనిపోయింది. ఆ సమయంలో గదిలో తల్లీ కొడుకూ తప్ప ఇంకెవరూ లేరు. మూడేళ్ళ పిల్లవాడికి చావంటే ఏం తెలుస్తుంది? పిలిస్తే పలకని, కదలని ఆ మొహాన్ని చూస్తూ చాలాసేపు ఒక్కడే ఉండిపోయాడు. పెద్దవాళ్ళు వచ్చేదాకా అంతే. ఆ రోజు సంగతి పిల్లవాడికి జ్ఞాపకంగా మిగల్లేదు, భయంగా మిగిలింది. పెరిగి పెద్దయినా మాస్కులన్నా, మైనపు బొమ్మలన్నా వణుకు. ఎందుకో ముప్ఫై ఏళ్ళు వచ్చేదాకా తెలియలేదు.

కొన్నాళ్ళకు తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. సవతి తల్లి అనగానే మనకు కథల్లోని రాక్షసి గుర్తొస్తుంది గానీ, ఈ ఇంటికి కాస్త నిలకడ వచ్చింది ఆమె వచ్చాకే. పిల్లవాడు బుద్ధిమంతుడయ్యాడు. ఎదురు చెప్పడు, అల్లరి చెయ్యడు, గొంతు పెంచడు. చుట్టుపక్కలవాళ్ళు మెచ్చుకునే రకం. ఇలాంటి బుద్ధిమంతులైన పిల్లలను మనం చాలా ఇళ్ళలో చూస్తుంటాం. అంత బుద్ధి ఎక్కడినుంచి వచ్చిందా అని ఒక్కోసారి ఆలోచించాలి.

చదువులో మాత్రం ఎక్కడా ఆగలేదు. సిటీ కాలేజీలో 1912లో డిగ్రీ, కార్నెల్ వైద్య కళాశాలలో 1917లో డాక్టరు పట్టా. అదే ఏడాది ఏప్రిల్లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగింది.

ఆ యుద్ధం ఎలాంటిదో కొంచెం చెప్పుకోవాలి. అంతకుముందు యుద్ధాల్లో మనిషి ఎదురుగా వచ్చే శత్రువుతో పోరాడేవాడు. ఇందులో నెలల తరబడి కందకంలో, బురదలో, ఎలుకల మధ్య కూర్చుని ఎప్పుడు ఏ గుండు నెత్తిన పడుతుందో తెలియకుండా కాచుకోవాలి. పారిపోవడానికి లేదు, తిరగబడటానికి లేదు. కొన్ని నెలలకే ఒంటిమీద గాయం లేని సిపాయిలు ఆసుపత్రులకు రావడం మొదలైంది. మాట పడిపోయినవాళ్ళు, కాళ్ళు చచ్చుపడినవాళ్ళు, వణుకు ఆగనివాళ్ళు. 1915లో ఇంగ్లీషు డాక్టరు చార్లెస్ మైయర్స్ దీన్ని షెల్ షాక్ అనే పేరుతో వైద్య పత్రికలో రాశాడు. గుండు పేలినప్పుడు మెదడు అదిరిపోయిందేమో అని మొదట అనుకున్నారు. తీరా చూస్తే గుండు పేలినచోటికి దూరంగా ఉన్నవాళ్ళలోనూ అవే లక్షణాలు కనిపించాయి.

దాంతో అనుమానం మొదలైంది. పిరికివాళ్ళు, దొంగవేషాలు వేస్తున్నారు అన్నారు. కొందరికి కరెంటు షాకులిచ్చి మాట్లాడించారు. బ్రిటిష్ సైన్యంలో పారిపోయారనీ, పిరికితనం చూపారనీ కాల్చి చంపినవాళ్ళలో ఇలాంటి రోగులు ఎందరున్నారో ఎవరు లెక్కపెట్టారు? ఆ 306 మంది సిపాయిలకు 2006లో, అంటే తొంభై ఏళ్ళ తర్వాత, ప్రభుత్వం క్షమాపత్రం ఇచ్చింది. ఆ మధ్యకాలంలో వాళ్ళ భార్యలు, తల్లులు మొహం ఎత్తుకుని ఎలా తిరిగి ఉంటారో.

మనవాళ్ళకూ ఆ యుద్ధంతో సంబంధం లేకపోలేదు. పది లక్షలకు పైగా భారతీయ సిపాయిలు, కూలీలు సముద్రాలు దాటి వెళ్ళారు. సుమారు 74 వేలమంది తిరిగి రాలేదు. కంభం అప్పుడు మద్రాసు రాష్ట్రంలో, కర్నూలు జిల్లాలో ఉండేది. మద్రాసు సాపర్లు మెసపొటేమియా ఎడారుల దాకా వెళ్ళి వంతెనలు కట్టారు, రోడ్లు వేశారు. ఫ్రాన్సులో ఉన్న మన సిపాయిలు ఇంటికి రాసే ఉత్తరాలను సెన్సారు అధికారులు చదివాకే పంపేవాళ్ళు. అంటే భార్యకు గుండెలో మాట రాసుకునే వీలు కూడా లేదన్నమాట.

యుద్ధం అయిపోయింది. కార్డినర్ మానసిక వైద్యంలో పడ్డాడు. ఆ రోజుల్లో ఆ విద్యకు గురువంటే వియన్నాలోని సిగ్మండ్ ఫ్రాయిడే. ఆయన దగ్గర నేర్చుకోవాలంటే ముందు తానే రోగిలా ఆయన ఎదుట సోఫా మీద పడుకుని మనసు విప్పాలి. 1921 అక్టోబరులో కార్డినర్ ఓడెక్కి వియన్నా చేరాడు. ఫీజు గంటకు పది డాలర్లు. అక్కడికి వెళ్ళాక తేలిందేమిటంటే, ఫ్రాయిడ్ తన టైముకు మించి శిష్యులను ఒప్పుకున్నాడు. ఒక్కొక్కరికి వారానికి ఆరు గంటలు ఇవ్వాలి, ఒకరు ఎక్కువయ్యారు. ఎవరిని వెనక్కి పంపాలా అని తల పట్టుకుంటే కూతురు ఆనా లెక్క చెప్పింది. ఐదు ఆరుల ముప్ఫై అయినప్పుడు ఆరు ఐదుల ముప్ఫయ్యే కదా, తలా ఐదు గంటలు ఇస్తే సరి. ప్రపంచానికి మనస్తత్వం నేర్పిన ఆయన ఇంట్లో పద్దు సర్దడానికి ఆడపిల్లే కావలసి వచ్చింది!

ఆ ఆరు నెలల్లో కార్డినర్ జీవితానికి సంబంధించిన రెండు ముడులు విడిపోయాయి. మొదటిది మాస్కుల భయం. నువ్వు మొట్టమొదట చూసిన మాస్కు చనిపోయిన మీ అమ్మ మొహం అని ఫ్రాయిడ్ చెప్పాడు. రెండోది ఆ బుద్ధిమంతతనం. చిన్నప్పుడు తండ్రి కోపం చూసిన పిల్లవాడు, నిద్రపోతున్న రాకాసి పామును లేపకూడదన్నట్టు తన కోపాన్నీ, కోరికలనూ, చివరికి దుఃఖాన్నీ కూడా అదిమిపెట్టుకుని బతికాడు. ఎదురు చెప్పకపోవడం మంచితనం కాదు, జాగ్రత్త. మన మిలట్రీ ఇళ్ళలో పిల్లలు కాళ్ళవైపు నిలబడి పిలుస్తారని చెప్పుకున్నాం కదా, ఆ జాగ్రత్తే ఇది.

ఆ వియన్నాలోనే, కార్డినర్ వెళ్ళడానికి ఏడాది ముందు, ఒక విచారణ జరిగింది. వాగ్నర్-యౌరెగ్ అనే పెద్ద ప్రొఫెసరు ఆసుపత్రిలో యుద్ధం వల్ల జబ్బుపడ్డ సిపాయిలను కరెంటు షాకులతో హింసించారని ఫిర్యాదు వస్తే, 1920లో కమిషన్ ముందు ఫ్రాయిడ్ కూడా నిపుణుడిగా మాట్లాడాడు. తోటి ప్రొఫెసరు మంచివాడేననీ, వైద్యమే తప్పుదారి పట్టిందనీ ఆయన ధోరణి. ప్రొఫెసరు నిర్దోషిగా బయటపడ్డాడు. తర్వాత మరో వైద్యానికి 1927లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. షాకులు తిన్న సిపాయిలు ఏమయ్యారో చరిత్ర పట్టించుకోలేదు.

న్యూయార్కు తిరిగొచ్చిన కార్డినర్ 1922లో బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో చేరాడు. 81వ నంబరు వెటరన్స్ హాస్పిటల్ అనేవారు. 1925 దాకా అక్కడ పనిచేశాడు. ఆయన జీవితంలో అసలైన చదువు ఇదే అని నాకు అనిపిస్తుంది.

యుద్ధం అయిపోయి నాలుగేళ్ళు, ఐదేళ్ళు అయింది. దేశం మరిచిపోయింది. ఈ మనుషులు మాత్రం ఇంకా కందకంలోనే ఉన్నారు. రోడ్డు మీద చప్పుడైతే నేలమీద పడిపోయేవాళ్ళు. రాత్రిళ్ళు ఒకే పీడకల, అదీ చావబోతున్న క్షణం దాకా వచ్చి ఆగిపోయేది. కొందరికి మూర్ఛలాంటి ఫిట్లు. పనిలో నిలవలేరు, నలుగురిలో కూర్చోలేరు. పక్కనున్న కాగితం కదిలినా చిరాకు. చిన్న మాటకు పెద్ద కోపం, ఆ కోపంలో ఎదుటివాళ్ళ మీద విరుచుకుపడటం.

ఫ్రాయిడ్ దగ్గర నేర్చుకున్న విద్యతో వీళ్ళను బాగుచెయ్యాలని చూశాడు. కుదరలేదు. ఆ విద్య ప్రకారం జబ్బుకు వేరు చిన్ననాటి కోరికల్లో ఉండాలి. ఇక్కడేమో వేరు కళ్ళెదుట కనిపిస్తూనే ఉంది, అది యుద్ధం. ఒక సిద్ధాంతంలో ఇమడ్చాలని చాలా ప్రయత్నించి, కాదని తేలాక ఆ కాగితాలన్నీ పక్కన పెట్టేశాడు. ఏళ్ళ తరబడి అవి అలాగే ఉన్నాయి. ఎందరో కష్టపడి కూడబెట్టిన విషయాన్ని సిద్ధాంతం దొరకలేదని డాక్టరు మూటగట్టి పెట్టడం బాధే. కానీ లేని సిద్ధాంతాన్ని ఉన్నట్టు రాసేవాళ్ళకన్నా నయం.

ఆ మధ్యకాలంలో ఆయన మానవశాస్త్రం వైపు తిరిగాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ లింటన్ లాంటివాళ్ళతో కలిసి, ఏ సమాజంలో పిల్లలను ఎలా పెంచుతారో, దాన్ని బట్టి పెద్దయ్యాక ఎలాంటి మనుషులవుతారో చర్చించే క్లాసులు నడిపాడు. కోరా డుబాయిస్ అనే ఆమె ఇండోనేషియాలోని అలోర్ దీవికి ఒంటరిగా వెళ్ళి ఏడాదికి పైగా అక్కడివాళ్ళ మధ్య ఉండి వివరాలు తెచ్చింది. అక్కడ పొలం పని భారం ఆడవాళ్ళది. పురుడు పోసుకున్న కొద్దిరోజులకే చంటిబిడ్డను ఇంట్లో వదిలి పనికి పోవాలి. బిడ్డ ఆకలితో ఏడుస్తూ పెరుగుతుంది. అందుకే పెద్దయ్యాక ఎవరినీ నమ్మరని కార్డినర్ తేల్చాడు. ఆ లెక్కలో మగవాళ్ళు పొలానికి ఎందుకు పోలేదన్న ప్రశ్న అడిగినట్టు కనబడదు. పెద్ద పెద్ద మేధావులకు కూడా పిల్ల ఏడిస్తే తల్లే కనిపిస్తుంది.

1939లో యూరపులో మళ్ళీ యుద్ధం మొదలైంది. కార్డినర్‌కు అర్థమైంది, ఇంకో తరం కుర్రాళ్ళు ఆ ఆసుపత్రి వార్డులకు రాబోతున్నారని. పాత కాగితాలు బయటికి తీశాడు. 1941లో యుద్ధపు మానసిక గాయాల మీద పుస్తకం వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో అమెరికా కూడా యుద్ధంలోకి దిగింది.

ఆ పుస్తకంలో ఆయన చెప్పింది సులువుగా చెప్పుకుంటే ఇది. ప్రాణం పోతుందన్న భయం మనసుకు మాత్రమే తగిలే దెబ్బ కాదు, ఒంటికి కూడా. ప్రమాదం ముగిసినా ఒళ్ళు ఇంకా కాపలా కాస్తూనే ఉంటుంది. అందుకే దీనికి దేహమూ మనసూ రెండూ కలిసిన జబ్బు అనే అర్థంలో ఫిజియోన్యూరోసిస్ అని పేరు పెట్టాడు. ఆయన గుర్తించిన లక్షణాలు చూడండి. మనసు ఆ సంఘటన దగ్గరే ఆగిపోవడం, పీడకలలు, బతుకు మొత్తం కుంచించుకుపోవడం, చప్పుళ్ళకూ స్పర్శకూ ఉలిక్కిపడే చిరాకు, ఒక్కసారిగా పేలే కోపం. ఈ చివరి రెండూ ఆసుపత్రిలో డాక్టరుకు ఎంత కనిపిస్తాయో ఇంట్లో ఆడమనిషికి అంతకు పదింతలు కనిపిస్తాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి కూడా ఆయన నిర్మొహమాటంగా రాశాడు. ఇలాంటి సిపాయిలకు డాక్టర్లు హిస్టీరియా అని రాసేవాళ్ళు. ఆ మాట రాసిన క్షణం నుంచి ఆ మనిషి మీద ఎవరికీ జాలి ఉండదు, పింఛను కోసం నటిస్తున్నాడన్న ముద్ర పడుతుంది, కోర్టులో కూడా నెగ్గడు అని ఆయన ఆవేదన. హిస్టీరియా అన్న మాట గ్రీకులో గర్భసంచి అనే మాట నుంచి వచ్చింది. వందల ఏళ్ళుగా అది ఆడవాళ్ళకు కట్టిన పేరు. మొగుడి దెబ్బలకు నోరు పడిపోయిన ఆడదానికి అదే ముద్ర వేసి పంపించినప్పుడు ఎవరూ పుస్తకం రాయలేదు. మన ఊళ్ళలో అయితే గాలి సోకిందని వేపమండలతో కొట్టేవాళ్ళు. మగవాళ్ళకు ఆ ముద్ర పడ్డాక గానీ అది అన్యాయమని లోకానికి తోచలేదు.

కార్డినర్ 1947లో సైన్యంలో పనిచేసి వచ్చిన హెర్బర్ట్ స్పీగెల్‌తో కలిసి ఆ పుస్తకాన్ని తిరగరాశాడు. యుద్ధంలో మనిషిని కాపాడేది ధైర్యం కాదు, పక్కనున్న తోటివాళ్ళూ, వాళ్ళతో ఉన్న నమ్మకమూ అన్నది అందులో ముఖ్యమైన మాట. ఇది చదివినప్పుడు నాకు రిటైరై ఊరికొచ్చిన జవాన్లే గుర్తొచ్చారు. పదిహేను, ఇరవై ఏళ్ళు ఒక గుంపులో తిని, ఒక గుంపులో పడుకున్న మనిషి, నలభై ఏళ్ళు రాకముందే ట్రంకు పెట్టె దించుకుని ఇంటికొస్తాడు. ఆ గుంపు ఇక లేదు. ఇంట్లో భార్య తను లేని సంసారాన్ని ఒంటిచేత్తో నడపడం నేర్చుకుని ఉంటుంది. పిల్లలకు ఆయన చుట్టం లాంటివాడు. ఇద్దరికీ ఇబ్బందే. దానికి తోడు క్యాంటీను మందు.

ఇక్కడ ఒక మాట తేల్చి చెప్పుకోవాలి. కార్డినర్ రోగుల్లో అందరూ ఇంట్లో కొట్టేవాళ్ళు కారు. యుద్ధం నుంచి వచ్చిన చాలామంది తమలో తాము కుమిలిపోతారు గానీ పెళ్ళాం బిడ్డల మీద చెయ్యెత్తరు. మరోవైపు కార్డినర్ తల్లిని కొట్టిన చెయ్యి యుద్ధం నుంచి వచ్చింది కాదు. గాయం ఉందంటే వైద్యం కావాలని అర్థం, కొట్టడానికి లైసెన్సు ఉందని కాదు. ఈ రెండూ ఒకదాన్నొకటి చెరపవు. కంభం చెరువు కట్ట ఎంత గట్టిదైనా నీళ్ళు పోవడానికి తూములు పెట్టే కట్టారు. తూము లేదని ఏ రైతూ పక్కవాడి ఇల్లు ముంచడు.

తన రోగుల గురించి కార్డినర్ అంత వివరంగా రాశాడు గానీ, వాళ్ళతో కాపురం చేసిన ఆడవాళ్ళ కోసం విడిగా పుస్తకం తెరవలేదు. తల్లి పడ్డ బాధ అంత దగ్గరగా చూసినవాడు కూడా. ఆ పని తర్వాతి తరం ఆడవాళ్ళు చేశారు. 1971లో లండన్‌లోని చిజిక్‌లో ఎరిన్ పిజీ, దెబ్బలు తిన్న భార్యలకు తలదాచుకునే ఇల్లు తెరిచింది. 1974లో ఆన్ బర్జెస్, లిండా హోమ్‌స్ట్రామ్ బోస్టన్ ఆసుపత్రికి వచ్చిన అత్యాచార బాధితులను పరిశీలించి, వాళ్ళ పీడకలలూ ఉలికిపాట్లూ యుద్ధం నుంచి వచ్చిన సిపాయిలవి లాగే ఉన్నాయని గుర్తించారు. అదే కాలంలో వియత్నాం నుంచి తిరిగొచ్చిన అమెరికా సిపాయిలు తమ బాధకు పేరు కావాలని పట్టుబట్టారు. వాళ్ళ తరఫున వాదించిన డాక్టర్లు కార్డినర్ పాత పుస్తకాన్నే ముందు పెట్టుకున్నారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అనే పేరుతో దాన్ని తమ జబ్బుల జాబితాలో చేర్చింది.

ఆ తర్వాతే పరిశోధకులు ఇళ్ళ తలుపులు తట్టారు. అమెరికా ప్రభుత్వం వియత్నాం మాజీ సైనికుల మీద చేయించిన పెద్ద సర్వేలో వాళ్ళ భార్యలను కూడా విడిగా కూర్చోబెట్టి అడిగారు. ఈ జబ్బు ఉన్నవాళ్ళ ఇళ్ళలో, లేనివాళ్ళ ఇళ్ళకన్నా హింస చాలా ఎక్కువగా ఉందని, పిల్లల ప్రవర్తన కూడా దెబ్బతిందని 1992లో వెలువడిన ఫలితాలు చెప్పాయి. ఇజ్రాయెల్‌లో జహావా సోలమన్ బృందం లెబనాన్ యుద్ధం నుంచి వచ్చినవాళ్ళ భార్యలను పరిశీలించి, యుద్ధం చూడని ఆ ఆడవాళ్ళకు కూడా యుద్ధపు జబ్బు లక్షణాలు వచ్చాయని అదే ఏడాది రాసింది. 1992లోనే జూడిత్ హెర్మన్ అనే వైద్యురాలు రాసిన పుస్తకం ఈ దారాలన్నీ కలిపింది. సిపాయికి యుద్ధం చేసేదే, దెబ్బలు తినే భార్యకు ఇల్లు చేస్తుందని ఆమె చెప్పింది. కార్డినర్ చిన్ననాటి ఇంటికీ, ఆయన సిపాయిల మీద చేసిన పనికీ ఉన్న సంబంధాన్ని గుర్తుచేసింది కూడా ఆమే.

ఇంత తెలిశాక కూడా జరగాల్సినవి జరుగుతూనే ఉన్నాయి. 2002 వేసవిలో అమెరికాలోని ఫోర్ట్ బ్రాగ్ సైనిక స్థావరంలో ఆరు వారాల్లో నలుగురు భార్యలు భర్తల చేతుల్లో చనిపోయారు. ఆ భర్తల్లో ముగ్గురు అఫ్ఘానిస్తాన్ వెళ్ళి వచ్చినవాళ్ళు. అప్పుడు గానీ సైన్యం ఇంటికెళ్ళేముందు సిపాయిలను పరీక్షించడం గురించి గట్టిగా ఆలోచించలేదు.

మన దగ్గర సంగతి కూడా కాస్త చెప్పుకుందాం, ఎందుకంటే మిలట్రీ ఆయన మీద ఫిర్యాదు చేస్తే ఉద్యోగం పోతుందనీ, పింఛను పోతుందనీ భయపడి నోరు మూసుకునే ఆడవాళ్ళు ఎక్కువ. గృహహింస నుంచి రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమలవుతోంది. ఇది ముందుగా సివిల్ చట్టం. కొట్టకుండా ఆర్డరు, ఉండటానికి చోటు, ఖర్చులకు డబ్బు ఇప్పించడమే దీని పని. ఆర్డరును మీరితేనే శిక్ష. సైనికుడి భార్యకూ అందరికిలాగే వర్తిస్తుంది. 1950 నాటి సైనిక చట్టంలో, భార్యాబిడ్డలను చూడని సైనికుడి జీతంలోంచి వాళ్ళ పోషణకు కోసి ఇచ్చే వీలుంది. దానికి భార్య ఆయన పనిచేసే యూనిట్ అధికారులకు అర్జీ పెట్టుకోవచ్చు. మాజీ సైనికుల కుటుంబాలకు ఒంగోలులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. ఆపదలో 181కి ఫోను చేయవచ్చు. ఆయన నిద్రలేమికీ, కోపానికీ సలహా కావాలంటే 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. ఆయన చెయ్యకపోతే ఆమె చేసినా ఫరవాలేదు.

ఇక కార్డినర్ విషయానికొస్తే, ఆయన పెళ్ళి చేసుకున్నది 1948లో, 57 ఏళ్ళ వయసులో. ఒక కూతురు. కొలంబియాలో మానసిక వైద్యం నేర్పే కేంద్రాన్ని నిలబెట్టినవాళ్ళలో ఒకడు. సైనికుల మీద, సమాజాల మీద, నల్లజాతివాళ్ళ మీద అణచివేత చేసే గాయాల మీద పుస్తకాలు రాశాడు. వేరేవాళ్ళ బాధలు అన్ని పేజీలు రాసిన మనిషి తన సంగతి మాత్రం చాలాకాలం దాచుకున్నాడు. ఫ్రాయిడ్ దగ్గర గడిపిన ఆరు నెలల గురించి ఆయన రాసిన చిన్న పుస్తకం 1977లో అచ్చయింది. అప్పటికి ఆయనకు 86 ఏళ్ళు. తండ్రి దెబ్బలు, ఆకలి, ఆ గది, పలకని తల్లి మొహం, అన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. జబ్బుల జాబితాలో తన సిపాయిల బాధకు చోటు దొరికిన మరుసటి ఏడాది, 1981 జూలై 20న, కనెక్టికట్‌లోని ఈస్టన్‌లో కన్నుమూశాడు.